క్రికెట్ చేతికి గోల్ఫ్ ఎందుకు లొంగదు?

కవర్‌డ్రైవ్_అనంతపురం:
పదేండ్లు క్రికెట్ ఆడిన కుడిచేతి బ్యాట్స్‌మన్ గోల్ఫ్ పడితే దెబ్బ బాగానే తగులుతుంది, బంతి మాత్రం చివర్లో కుడికి వంగిపోతుంది. పాత అలవాటేనా అన్నా?

ఏడోనంబర్_ఐరన్:
అదే స్లైస్. తాకే క్షణంలో క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముఖం స్వింగ్ దారికంటే కుడికి తెరుచుకుని ఉంది. కవర్స్‌లోకి నెట్టే బ్యాటుకు అది అలవాటే. ముందు పట్టు మార్చు. ఎడమచేతిని కొంచెం కుడికి తిప్పితే, పైనుంచి చూసినప్పుడు రెండు మూడు మెటికలు కనపడాల. డ్రైవర్‌కు, అంటే దూరం కొట్టే పొడుగు క్లబ్‌కు, బంతి ఎడమ మడమకు ఎదురుగా; ఏడో ఐరన్‌కు, అంటే మధ్యదూరం కొట్టే క్లబ్‌కు, కాళ్ల నడుమ. బలం గురించి బెంగ వద్దు. పురుషుల క్రికెట్ బంతి 155.9 గ్రాములకు తగ్గదు, గోల్ఫ్ బంతి 45.93 గ్రాములు దాటదు.

హాకీబ్యాక్:
హాకీ వాళ్లకు బరువు ఎడమకాలి మీదికి దానంతటదే వస్తుంది. భుజాలే పూర్తిగా తిరగవు, బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) పొట్టిగా ఆగిపోతుంది. క్రికెటర్ ఐతే ఒక్కోసారి వెనక్కాలి మీద ఉండిపోతాడు. ఐరన్‌తో ఆడేటప్పుడు బంతికి నాలుగు వేళ్లు వెనక మడిచిన తువ్వాలు పెట్టు. క్లబ్ దానికి తగిలిందంటే బరువు ముందుకు రాలేదన్నట్టే.

ఏడోనంబర్_ఐరన్:
తువ్వాలు మంచి మాట. మన ఎర్రనేల గులకరాళ్ల మీద మాత్రం వద్దప్పా, క్లబ్ అడుగు గీసుకపోతుంది, మణికట్టు అదురుతుంది. మ్యాట్ వేసుకో.