పాలమిడీస్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

నీలిసిరా (ప్రశ్న):

ఆర్థర్ రాజు కథలు అనగానే అందరికీ లాన్సిలాట్ గుర్తొస్తాడు. ఇంకాస్త చదివినవాళ్లు గవెయిన్ అంటారు, గలహాడ్ అంటారు. నేను మాత్రం ఆ కథలన్నీ 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో రాసిన మలొరీ పుస్తకం తీస్తే పాలమిడీస్ ఎక్కడున్నాడా అని పేజీలు తిరగేస్తాను. మా ఇంట్లోవాళ్లకి కూడా ఆ పేరు నోటికొచ్చేసింది. తెలుగులో ఇతని గురించి మాట్లాడుకోవడానికి ఒక్కరైనా దొరుకుతారేమోనని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: పాలమిడీస్ సారసెన్ వీరుడు. మధ్యయుగాల్లో యూరప్ వాళ్లు ముస్లింలని అలా అనేవారు. 13వ శతాబ్దంలో ఫ్రెంచి వచనంలో రాసిన ట్రిస్టన్ కథలో పుట్టి, ఇంగ్లీషులో మలొరీ చేతికి వచ్చాడు. ఐర్లండ్‌లో రాజకుమారి ఇసూద్‌ని ప్రేమించాడు. ఆమె మనసేమో ట్రిస్ట్రమ్ మీద (ట్రిస్టన్‌నే మలొరీ ఇలా పిలుస్తాడు). ఇక అక్కణ్ణించి ఇతని బతుకంతా అదే. టోర్నమెంటులో ఎదురొచ్చినవాణ్ణల్లా గుర్రం మీంచి పడగొడతాడు, జనం జేజేలు కొడతారు, అంతలో ట్రిస్ట్రమో లాన్సిలాటో బరిలోకి దిగుతాడు.

నన్ను కట్టిపడేసింది బావి దగ్గర ఘట్టం. లోనజెప్ టోర్నమెంటు అయిపోయాక, అడవిలో ఒక ఊటబావి దగ్గర నీళ్లలో తన మొహం చూసుకుంటాడు. వాడిపోయి, తనది కాదన్నట్టుంటుంది. అక్కడే పడుకుని ఇసూద్ మీద పాట కట్టి పాడతాడు. అటుగా వచ్చిన ట్రిస్ట్రమ్ చెవిన ఆ పాట పడుతుంది. నరికేద్దామన్నంత కోపం వస్తుంది, కానీ ఎదుటివాడు నిరాయుధుడు. ఆగుతాడు. మాటా మాటా పెరిగి, పదిహేను రోజుల తర్వాత తేల్చుకుందామనుకుంటారు. ఈలోగా ఒక వేటగాడు జింక మీదికి వేసిన బాణం గురితప్పి ట్రిస్ట్రమ్ తొడలో దిగుతుంది, అతను రాలేకపోతాడు. ఆ కబురు విన్న పాలమిడీస్ పరువు దక్కిందని ఊపిరి పీల్చుకుంటాడు! అంత యోధుడి మనసులోని ఆ భయాన్ని మలొరీ దాచలేదు. ఉన్నదున్నట్టు రాసి మన ముందు పెట్టాడు. అందుకే ఇతనంటే నాకంత ఇష్టం.

రెండు సంగతులు అడగాలి. పిల్లల కోసం, పెద్దల కోసం తిరగరాసిన ఆర్థర్ కథలు చాలావాటిలో ఇతను ఎందుకు కనపడడు? ఇంకోటి, ఆ మొరిగే మృగం. పెల్లినోర్ రాజు తర్వాత దాన్ని తరిమింది ఇతనే కదా. పాము తల, చిరుత ఒళ్లు, సింహం నడుము, దుప్పి కాళ్లు, కడుపులో అరవై వేటకుక్కల అరుపులు. మలొరీలోనైతే పాలమిడీస్ బాప్టిజం పుచ్చుకుని, మళ్లీ దాని వెనకాలే వెళ్లిపోతాడు. అది ఎక్కడైనా దొరికిందా?

అలాగే మీ మనసుకి నచ్చిన, ఎవరూ పెద్దగా తలవని వీరుడెవరో చెప్పండి.

గోదారిగట్టు:

పాలమిడీస్ పేరు తెలుగులో చూడటం ఇదే మొదటిసారండీ, భలే సంతోషమేసింది. మేముండేది సౌతాంప్టన్‌లో. వించెస్టర్ దగ్గరే కాబట్టి ఎవరొచ్చినా అక్కడి గ్రేట్ హాల్‌కి తీసుకెళ్తాను. ఆర్థర్ తన వీరులతో కూర్చునేవాడని కథల్లో చెప్పే గుండ్రబల్ల పేరుతో చేసినది అక్కడ గోడకి వేలాడదీసి ఉంది, 18 అడుగుల అడ్డకొలత ఉంటుంది. చెక్క 13వ శతాబ్దం నాటిది, రంగులు మాత్రం ఎనిమిదో హెన్రీ వేయించినవి. ఆర్థర్ బొమ్మ చుట్టూ 24 మంది పేర్లు రాసుంటాయి. అందులో మీ పాలమిడీస్ ఉన్నాడు! అతని తమ్ముడు సఫీర్ కూడా ఉన్నాడు. అక్షరాలు పాతకాలపువి, కాస్త ఓపిగ్గా వెతకాలి.

నా మనిషి డినడాన్ మాత్రం అందులో లేడు. అది నాకు నిజంగా బాధ. కత్తి దుయ్యడం కన్నా ముందు ఆలోచించే నైట్ ఆ కొలువులో అతనొక్కడే. లాన్సిలాట్ కోసం ముప్ఫైమంది పొంచి ఉన్నారని తెలిసి ట్రిస్ట్రమ్ వాళ్ల మీదికి ఉరుకుదామంటే, ఇద్దరం ముప్ఫైమందితోనా, నావల్ల కాదంటాడు. అన్నా దిగుతాడు, బాగానే పోరాడతాడు. ఇసూద్ అంతటావిడ, నాకోసం ముగ్గురితో యుద్ధం చేస్తావా అని అడిగితే, మీరు ఆర్థర్ భార్య గినివీర్ రాణికన్నా అందగత్తెలే గానీ ముగ్గురితో మాత్రం చేయనని మొహం మీదే చెప్తాడు. ఆవిడ పకపకా నవ్వుతుంది. ఇసూద్ భర్త మార్క్ రాజు దుర్మార్గం మీద పాట కట్టి, వీణగాడికి నేర్పి, ఆ రాజు కొలువులోనే పాడించిన ధైర్యం కూడా ఇతనిదే. ఇలాంటివాణ్ణి మోర్డ్రెడ్, అగ్రవెయిన్ కలిసి దొంగతనంగా చంపేశారు. మలొరీ ఆ చావుని ఒక్క వాక్యంలో దాటేస్తాడు. చదివిన ప్రతిసారీ అక్కడ పుస్తకం మూసేస్తాను.

పాతపుస్తకం:

నీలిసిరా గారూ, మీ మొదటి ప్రశ్నకి నాకు తోచిన కారణం ఇది. మలొరీ మొత్తంలో దాదాపు మూడో వంతు ట్రిస్ట్రమ్ భాగమే. ఆర్థర్ పుట్టుక, లాన్సిలాట్, గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర కోసం వెతుకులాట, చివరి యుద్ధం అని కథని కుదించేవాళ్లకి ముందు అడ్డొచ్చేది అదే. దాన్ని కోసేస్తే పాలమిడీస్, డినడాన్, లామొరాక్ ముగ్గురూ ఒకేసారి మాయమైపోతారు.

మృగం దొరికింది. మలొరీకి ముందే 13వ శతాబ్దపు ఫ్రెంచిలో ఇంకో గ్రెయిల్ కథ ఉంది, పండితులు పోస్ట్-వల్గేట్ అంటారు. అందులో గలహాడ్, పెర్సివల్ తోడుండగా పాలమిడీసే దాన్ని ఒక సరస్సు దగ్గర చంపుతాడు. కానీ ఆ కథలోనే తర్వాత గవెయిన్ చేతిలో చనిపోతాడు. మలొరీ అతన్ని బతకనిచ్చి, లాన్సిలాట్ పక్షాన నిలబెట్టి, ప్రొవాన్స్‌కి డ్యూక్‌ని చేశాడు. మీ అభిమానానికి మలొరీయే మేలు.

నాకు ఇష్టుడు ఫైరెఫిజ్. వోల్‌ఫ్రామ్ 13వ శతాబ్దం మొదట్లో జర్మన్‌లో రాసిన పార్జివాల్ అనే కావ్యంలో వస్తాడు (పార్జివాల్ అంటే పెర్సివలే). తండ్రి గహ్మురెత్, తల్లి బెలకానె అనే నల్లజాతి రాణి. ఒళ్లంతా నలుపూ తెలుపూ మచ్చలు. పార్జివాల్‌కి సవతి అన్న, అది తెలియకే ఇద్దరూ కొట్టుకుంటారు. పార్జివాల్ కత్తి విరిగిపోతుంది. అప్పుడు ఫైరెఫిజ్ చేసిన పని చూడండి: ఆయుధం లేనివాడితో పోరాడటం ఇష్టంలేక తన కత్తిని కూడా దూరంగా విసిరేస్తాడు. తర్వాత గ్రెయిల్ మోసే రెపాన్స్‌ని పెళ్లాడి ఇండియాకి వస్తాడు. తూర్పుదేశాల్లో ఉన్నాడని యూరప్ వాళ్లు నమ్మిన క్రైస్తవ రాజు ప్రెస్టర్ జాన్ వాళ్ల కొడుకేనని వోల్‌ఫ్రామ్ రాశాడు. మన దేశం పేరు అక్కడ చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

చిట్టిగూడు:

వీళ్లెవరూ నాకు తెలియదు, కానీ బావి దగ్గర కథ చదివాక ఆగలేకపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి అక్కా?

నీలిసిరా:

పాతపుస్తకం గారూ, ప్రొవాన్స్ సంగతి నేను అంత పట్టించుకోలేదు. సఫీర్‌కి కూడా లాంగ్‌డాక్ ఇచ్చారు కదా, అన్నదమ్ములు పక్కపక్కనే ఉన్నారన్నమాట. ఫైరెఫిజ్‌ని ఈ వారమే చదువుతాను. గోదారిగట్టు గారూ, సఫీర్ పేరున్న వైపు ఒక ఫోటో తీసి పెట్టగలరా?

చిట్టిగూడూ, మలొరీ పుస్తకాన్ని కాక్స్‌టన్ 1485లో అచ్చేశాడు, ఆ పాఠం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, రెండు సంపుటాలు. అందులో 21 పుస్తకాలుంటాయి. మొదటినుంచీ చదవక్కర్లేదు. ఎనిమిదో పుస్తకంతో ట్రిస్ట్రమ్ కథ మొదలై పన్నెండుతో అయిపోతుంది. బావి ఘట్టం పదో పుస్తకం చివర్లో ఉంటుంది. ఆ పుస్తకం చాలా పొడుగు, మధ్యలో టోర్నమెంట్లు విసుగనిపిస్తే దాటేయ్, డినడాన్ పేరు కనపడితే మాత్రం ఆగు. పేర్ల రాతలో తేడాలుంటాయి, కంగారుపడకు. ఎక్కడైనా అర్థం కాకపోతే ఇక్కడే అడుగు.