అరీనా పాప్ షో రెండు వారాల్లో ఉంది: ఏ సీటు తీసుకోవాలి, ఏం ఆశించాలి?

కోరస్
రెండు వారాల్లో ఒక పాప్ సింగర్ అరీనా షో ఉంది. టూర్ మొదలై నెల దాటింది కాబట్టి సెట్‌లిస్టులు (పాటల వరుసలు), ఫోన్ వీడియోలు నెట్‌లో బోలెడు. టికెట్లు మూడు చోట్లే మిగిలాయి. ఒకటి ఫ్లోర్ స్టాండింగ్. రెండోది లోయర్ బౌల్‌లో (కింది అంతస్తు) స్టేజికి బాగా పక్కగా, 'సైడ్ వ్యూ' అని రాసి ఉన్న సీట్లు. మూడోది స్టేజికి సూటిగా ఎదురుగా అప్పర్ బౌల్ (పై అంతస్తు) మూడో వరుస. హాలు దాదాపు 15,000 మంది పట్టేది. స్టేజి ఒక చివర ఉంది, అక్కణ్ణించి మధ్యలోకి ర్యాంప్, ర్యాంప్ చివర చిన్న స్టేజి. పాట బాగా వినపడాలి, మనిషి కాస్తయినా కనపడాలి. ఏది తీసుకోమంటారు? సెట్‌లిస్ట్ ముందే చూసుకుంటే మజా పోతుందా?

ఫేడర్
పాట వినడమే ముఖ్యమైతే అప్పర్ బౌల్ మూడో వరుస తీసుకోండి. దూరం కదా అని భయపడకండి.

అరీనాలో స్టేజికి రెండు వైపులా పైనుంచి అరటిగెలల్లా వేలాడే స్పీకర్ల వరుసలే ప్రధానమైన సౌండ్. వాటిని లైన్ అరే అంటారు. పై బాక్సులు దూరపు సీట్లకు, కింది బాక్సులు దగ్గరి సీట్లకు గురిపెట్టి ఉంటాయి. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే సౌండ్ 6 డెసిబెల్స్ పడిపోతుంది. లైన్ అరేకి కొంత దూరం దాకా ఆ తగ్గుదల 3 డెసిబెల్స్ దగ్గరే ఉంటుంది. అందుకే ఎదురుగా 60 మీటర్ల దూరంలో కూర్చున్నా మాటలు స్పష్టంగా అందుతాయి.

పక్కకు వెళ్తే కథ మారుతుంది. అరే అడ్డంగా విసిరే కోణం సాధారణంగా 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. స్టేజి ముందు అంచు గీతను దాటి వెనక్కి పోయిన సీట్లకు ప్రధాన అరే సౌండ్ నేరుగా రాదు. వాళ్ళకోసం సైడ్ హ్యాంగ్ అని వేరే వరుస కడతారు. అది పని చేస్తుంది కానీ స్టీరియో ఉండదు, ఒకే వైపు నుంచి పాట మొత్తం వస్తున్నట్టుంటుంది.

బేస్ సంగతి ఇంకా విచిత్రం. సబ్‌లు, అంటే బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్లు, ఎడమ, కుడి రెండు గుట్టలుగా పెడితే హాలు నడిమి గీత మీద రెండూ ఒకేసారి చేరి గుండెను గుద్దుతాయి. పక్కకు జరిగినకొద్దీ ఒక గుట్ట దగ్గరవుతుంది, రెండోది దూరమవుతుంది. 60 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 5.7 మీటర్లు. అంటే ఒక సబ్ మీకు రెండోదానికన్నా 2.85 మీటర్లు దగ్గరైతే రెండు వైపుల నుంచీ వచ్చిన ఆ స్వరం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పది సీట్ల అవతల కిక్ డ్రమ్ అదిరిపోతుంటే మీ దగ్గర చప్పగా ఉండటానికి కారణం ఇదే, మిక్స్ చేసేవాడి తప్పు కాదు. ఈ ఇబ్బంది తగ్గించడానికే ఇప్పుడు సబ్‌లను స్టేజి అంచు వెంబడి వరుసగా పరుస్తున్నారు, లేదా పైకి ఎత్తి వేలాడదీస్తున్నారు.

మంచి గుర్తు ఒకటి చెప్తాను. ఫ్లోర్ మీద సౌండ్ మిక్సర్ ఉండే చదరాన్ని సీట్ మ్యాప్‌లో వెతకండి. మిక్స్ అంతా ఆ చోట విని చేసిందే. దాని వెనక, ఎదురు గీతలో ఉన్న సీటు ఎంత ఎత్తున ఉన్నా పర్వాలేదు. కాకపోతే చిట్టచివరి వరుసలు, కప్పుకి ఆనుకున్నవి వద్దు. వెనక గోడ నుంచి తిరిగొచ్చే సౌండ్ అక్కడ బాగా కలుస్తుంది.

పక్కవాయిద్యం
ఫేడర్ గారు చెప్పింది సౌండ్ వరకు నిజం. కానీ ర్యాంప్ చివర చిన్న స్టేజి ఉందన్నారు కదా, ఆ ఒక్క మాటతో లెక్క మారుతుంది.

సైడ్ సీట్లన్నీ ఒకటి కావు. స్టేజి అంచుకు కొంచెం ముందున్న సైడ్ బ్లాకు అయితే, సింగర్ చిన్న స్టేజి మీదికి వచ్చిన మూడు నాలుగు పాటలు మీకు 20, 25 మీటర్లలో జరుగుతాయి. ఫ్లోర్‌లో ముందున్న తలల వెనక నిలబడ్డవాళ్ళకన్నా మీకే బాగా కనపడుతుంది. అంచుకు వెనక ఉన్న బ్లాకు అయితే వద్దు. వెనక తెర కనపడదు, లైట్ల అమరిక సగం మీకు వీపు చూపిస్తుంది. మీరు చూసిన సీట్లు ఆ గీతకు ఏ వైపు ఉన్నాయో చెప్పండి.

స్టేజి హాలు నడిమధ్యలో ఉండే షోలకు ఈ లెక్కలేవీ వర్తించవు. బిల్లీ ఐలిష్ 2024లో మొదలుపెట్టిన టూర్‌లో అలాగే చేసింది. అక్కడ 'పక్క' అనేదే ఉండదు, ఎటు కూర్చున్నా సగం సేపు వీపు, సగం సేపు ముఖం.

కోరస్
అంచుకు వెనకే ఉన్నాయండీ. అయితే అవి తీసేశాను. మరి ఫ్లోర్ సంగతి? ఇంకో అనుమానం: ఇంత డాన్స్ చేస్తూ నిజంగా పాడతారా?

ఫేడర్
ఫ్లోర్ చదునుగా ఉంటుంది, వాలు ఉండదు. పది వరుసల వెనక నిలబడితే మీ ఎత్తే మీ టికెట్టు. ముందుకు వెళ్తే ఎత్తు స్టేజి కింద మెడ పైకెత్తి చూడాలి. పైగా వేలాడే అరే మీ తల మీదుగా దాటిపోతుంది. ముందు వరుసల కోసం స్టేజి ముందు అంచు మీద పెట్టే చిన్న స్పీకర్లు, కింద సబ్‌లు, అంతే మీకు దక్కేది. బేస్ ఎక్కువ, మాట తక్కువ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. చదరపు మీటరుకు నలుగురు ఉంటే కదలొచ్చు. ఆరేడుగురు చేరితే మనుషులు నీళ్ళలా అలలుగా ఊగుతారు, మీ కాళ్ళు మీ మాట వినవు. బాక్సర్‌లా రెండు చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటుంచుకోండి. తోపుకు ఎదురు నిలబడకండి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు దానితోపాటు ఏటవాలుగా పక్కకు జరుగుతూ బయటికి రండి. ఫోన్ పడితే వంగొద్దు.

తాళం
పాడటం గురించి నేను చెప్తాను, దానికీ, సెట్‌లిస్ట్ ప్రశ్నకూ ఒకే వేరు.

ఇవాళ్టి అరీనా పాప్ షో చాలావరకు టైమ్‌కోడ్ మీద నడుస్తుంది. ముందే రికార్డు చేసిన ట్రాకు నడిపే ప్లేబ్యాక్ కంప్యూటర్ గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ లెక్కలో ఒక గడియారాన్ని పంపుతుంటుంది. లైట్ల బోర్డు, తెర మీది వీడియో, లేజర్లు అన్నీ దాన్ని చూసి కదులుతాయి. మొదటి పాటకు ఒంటిగంట, రెండో పాటకు రెండు గంటలు అని అంకెలు వేయడం మామూలు పద్ధతి. బ్యాండ్‌కు, సింగర్‌కు చెవిలో మానిటర్లు (ఇయర్‌ఫోన్లు), వాటిలో లయ చెప్పే టక్‌టక్ చప్పుడు, అదే క్లిక్. డ్రమ్మర్ వేగం పెంచితే తెర మీది బొమ్మ ఆగదు కదా, అందుకని ఎవరూ క్లిక్ దాటరు. నిప్పు విరజిమ్మే చోట మాత్రం మనిషి వేలు బటన్ మీద ఉంటుంది. డాన్సర్ తప్పు చోట నిలబడితే ఆపాలిగా.

ఇందుకే సెట్‌లిస్ట్ రాత్రికి రాత్రి మారదు. పాట మార్చాలంటే లైటు, వీడియో, దుస్తుల వరుస అన్నీ మార్చాలి. మారే చోటు ఉంటే అది ఒకటో రెండో పాటలు, సాధారణంగా గిటారో పియానోతో చిన్న స్టేజి మీద. టేలర్ స్విఫ్ట్ 2023, 2024 టూర్‌లో సర్‌ప్రైజ్ పాటలకు చోటిచ్చింది అక్కడే. మీ టూర్ చివరి ఐదు సెట్‌లిస్టులు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటిలో ఒకేలా ఉన్నది గట్టి వరుస, మారుతున్న నెంబరు మీద మాత్రమే ఆశ పెట్టుకోండి. ఎన్‌కోర్ (షో అయిపోయాక మళ్ళీ వచ్చి పాడే పాటలు) కూడా ముందే రాసి ఉంటుంది, చప్పట్లు కొట్టకపోయినా వస్తుంది.

మజా పోతుందా అంటే, పేర్లు చూడండి, వీడియోలు చూడకండి. మూడు పాటలకో, నాలుగు పాటలకో ఒక విరామ వీడియో వస్తుందని తెలిస్తే చాలు. అది రెండు మూడు నిమిషాలు ఉంటుంది, ఆ సమయంలో వెనక బట్టలు మారతాయి. మీరు బయటికి వెళ్ళాలనుకుంటే అదే సమయం.

ఇక పాడటం. ట్రాకులో కోరస్ గొంతులు, జంట గొంతు కలిపి ఉంటాయి, అది దాచిపెట్టే సంగతి కాదు. ప్రధాన గొంతు లైవ్‌గా ఉందో లేదో ఇలా చూడండి: వాక్యాల మధ్య ఊపిరి వినపడుతుందా, మైకు నోటికి దూరమైనప్పుడు గొంతు పలుచబడుతుందా, గట్టి డాన్సు తర్వాత మొదటి మాట కొంచెం వణుకుతుందా. రికార్డులో కన్నా శ్రుతి అరస్వరమో, స్వరమో కిందికి దించి ఉంటే అది దాదాపుగా లైవ్ గొంతుకు రక్షణ. చేతి మైకు పాటల్లో లైవ్ వంతు ఎక్కువ, తలకు కట్టిన మైకుతో గంతులేసే పాటల్లో ట్రాకు వంతు ఎక్కువ. ఇది నియమం కాదు, నా అంచనా.

అప్పర్ బౌల్‌లో ఒక వింత గమనిస్తారు. సౌండ్ సెకనుకు దాదాపు 343 మీటర్లే పోతుంది. 60 మీటర్లకు 175 మిల్లీసెకన్లు. మీరు విన్న లయకు చప్పట్లు కొడితే అవి తిరిగి స్టేజికి చేరేసరికి ఇంకో 175. అంటే సింగర్‌కు మీ చప్పట్లు మూడో వంతు సెకను ఆలస్యం. చెవిలో మానిటర్ లేకపోతే గాయకుడు లయ తప్పే ప్రమాదం ఉంది. ప్రేక్షకులతో పాడించేటప్పుడు ఒక చెవిలోని మానిటర్ తీసి మళ్ళీ పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు.

చెవిపోగు
ఎవరూ చెవుల గురించి చెప్పలేదేం? అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క 85 డెసిబెల్స్‌కు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 100 దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు పెట్టిన హద్దు కూడా 15 నిమిషాల సగటుకు 100 డెసిబెల్స్. షో రెండు గంటలు, లెక్క మీరే వేయండి.

చెవిలో పెట్టుకునే నురుగు ప్లగ్గు మీద 29 అని రాసి ఉంటే 29 డెసిబెల్స్ తగ్గుతుందనుకోవద్దు. మామూలుగా పెట్టుకున్నప్పుడు ఏడు తీసేసి సగం చేసుకోండి, 11 వస్తుంది. 100 కాస్తా 89 అవుతుంది, దానికి మూడు గంటలు పైచిలుకు సమయం దొరుకుతుంది. సరిపోయింది. సంగీతం మసకబారకూడదంటే ఫిల్టర్ ఉన్న ప్లగ్గులు కొనండి, నురుగువి పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి.

పెట్టేటప్పుడు తప్పే ఎక్కువ జరుగుతుంది. సన్నగా నలిపి, ఎదుటి చేత్తో తల మీదుగా చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి నెట్టి, 20, 30 సెకన్లు వేలితో పట్టి ఉంచండి. సగం బయట కనిపిస్తుంటే పెట్టనట్టే. ఓపెనింగ్ పాట మధ్యలో కాదు, ముందుగానే పెట్టుకోండి. పిల్లలతో వెళ్తే వాళ్ళకు చెవి మొత్తం కప్పే మఫ్‌లు.

కోరస్
ఫోన్ వీడియోకు ఏమైనా చిట్కా? మొన్న చూసిన వీడియోల్లో తెర మీద నల్ల గీతలు పారుతున్నాయి, సౌండ్ గరగర.

పక్కవాయిద్యం
గీతలు తెర వెలిగి ఆరే వేగం, కెమెరా షట్టర్ వేగం కలవనందువల్ల. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 గానీ 1/60 గానీ పెట్టి, ఏది తగ్గిస్తే అది ఉంచండి. స్పాట్‌లైట్‌లో ముఖం తెల్లటి మచ్చ అవుతుంది, కాబట్టి ముఖం మీద నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కాస్త కిందికి లాగండి. గరగరకు మందు లేదు. మైకు తట్టుకోలేని బేస్ అది. సబ్‌లకు దూరంగా ఉండటం, మైకు రంధ్రం మీద వేలు పెట్టకపోవడం, అంతే.

చోటు సంగతి: ఐఫోన్‌లో హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో 4కె, సెకనుకు 30 ఫ్రేములకు నిమిషానికి దాదాపు 170 ఎంబీ, 60 ఫ్రేములకు 400 ఎంబీ. ఒక్క పాట తీయండి, మిగతాది చూడండి.

టికెట్ యాప్‌లో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారేదైతే స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పని చేయదు. పది వేలమంది ఒకేసారి ఫోన్ తెరిచే చోట నెట్ పడకేస్తుంది. టికెట్‌ను ఇంటి దగ్గరే ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి.

కోరస్
అయితే అప్పర్ బౌల్ మూడో వరుసే కొంటున్నాను. మొదటి వరుస కూడా ఒకటి కనపడుతోంది, అది మేలా?

ఫేడర్
మూడే ఉంచండి. పై అంతస్తు మొదటి వరుస ముందు రెయిలింగులు, కటకటాలు ఉంటాయి. కూర్చున్నప్పుడు అవి సరిగ్గా ర్యాంప్ మీదికి అడ్డం వస్తాయి.

తొందర లేకపోతే ఇంకో మార్గం ఉంది. కెమెరాలు, మిక్సర్, పైనుంచి వేలాడే బరువుల కోసం ప్రొడక్షన్ వాళ్ళు కొన్ని సీట్లు పక్కన పెడతారు. హాల్లో సామాను దించి, ఏది ఎవరికి అడ్డం వస్తుందో చూశాక మిగిలినవి అమ్మకానికి వదులుతారు, చాలాసార్లు షో ముందు రోజుల్లో, కొన్నిసార్లు అదే రోజు. వాటిలో మిక్సర్ పక్క సీట్లు కూడా ఉంటాయి. గ్యారంటీ లేదు. మూడో వరుస కొనేసి, తిరిగి అమ్ముకునే వీలు ఆ టికెట్‌కు ఉందో లేదో ముందు చూసుకుని, తర్వాత రోజూ సీట్ మ్యాప్ తెరిచి చూస్తూ ఉండండి.