ఓనర్ మారాడు, డ్యూటీ గంటలు తగ్గించాడు. ఒప్పుకోవాల్సిందేనా?

గుంటూరు బిల్లింగ్:
అందరికీ నమస్తే. ఒక సూపర్ మార్కెట్‌లో ఆరేళ్లుగా బిల్లింగ్ చేస్తున్నాను. పాత ఓనర్ షాపు అమ్మేశారు. బోర్డు మారింది, యూనిఫాం మారింది, మేం మాత్రం అవే కౌంటర్లలో ఉన్నాం. ఒకటో తారీఖున థంబ్ వేసే మిషన్ పక్కన కొత్త రోస్టర్ అంటించారు. ఇదివరకు నాకు పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా డ్యూటీ, ఇప్పుడు సాయంత్రం 4 నుంచి 9. జీతం 14,500 ఉండేది, ఇకమీదట గంటల లెక్కనట. అద్దె, పాప ఫీజు కట్టాక ఇంట్లోకి ఏమీ మిగలదు. పైగా మేనేజర్ ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటున్నారు. పైన రాజీనామా, కింద కొత్త అపాయింట్‌మెంట్. "ఊరికే ఫార్మాలిటీ అమ్మా" అంటున్నారు. పెట్టకపోతే తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

యూనియన్ పాతకాపు:
అమ్మా, ఆ సంతకం మాత్రం పెట్టొద్దు. పెడితే కొత్త ఓనర్ దగ్గర మీరు నిన్న చేరిన మనిషి అవుతారు.

షాపు చేతులు మారినప్పుడు మీ సర్వీసు తెగకూడదు, షరతులు ఏ రకంగానూ తగ్గకూడదు, రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త ఓనర్‌పై ఉండాలి. ఇందులో ఏది తప్పినా, ఏడాది సర్వీసు నిండిన వర్కర్‌ని రిట్రెంచ్ చేసినట్టే, అంటే ఓనరే పనిలోంచి తీసేసినట్టే లెక్క. నెల నోటీసు లేదా నెల జీతం, దాంతోపాటు సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. మీకైతే 90 రోజులది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ నంబర్‌తో దీన్ని మేం 25ఎఫ్‌ఎఫ్ అనేవాళ్లం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో 73వ సెక్షన్ అదే. పని గంటలు మార్చాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గోడకు రోస్టర్ అంటిస్తే అది నోటీసు కాదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. 1960ల్లో అనకాపల్లి చక్కెర ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు, కొన్నవాళ్లు పాత కార్మికులను తీసుకుని తీరాలని చట్టం చెప్పలేదంది. పరిహారం అమ్మినవాళ్లే ఇవ్వాలంది. అందుకే ఫిర్యాదులో ఇద్దరు ఓనర్లనూ చేర్చండి.

బెజవాడ బట్టల షాపు:
అక్కా, కొత్త టైమ్ నచ్చలేదని డ్యూటీ మానొద్దు. తనే మానేసిందని రాసేస్తారు. రోజూ థంబ్ వెయ్యి. "పాత గంటలు పనిచేయడానికి సిద్ధం, ఈ మార్పుకు ఒప్పుకోలేదు" అని రాసి రిజిస్టర్ పోస్టులో పంపు. రోస్టర్ ఫోటో, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకో. అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు. అందరూ కలిసి వెళ్తే వాళ్లూ గట్టిగా పట్టించుకుంటారు.

గుంటూరు బిల్లింగ్:
చాలా థ్యాంక్స్ అండీ. ప్యాకింగ్ వాళ్లు కూడా సంతకం పెట్టమన్నారు. ఇప్పుడే పీఎఫ్ చూశాను. పాత కంపెనీ దగ్గర నేను మానేసిన తేదీ పోయిన నెలాఖరుకే వేసేశారు! నేను రాజీనామా ఇవ్వనేలేదు.

యూనియన్ పాతకాపు:
ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసుకోండి. లేబర్ ఆఫీసులో మొదట అదే చూపించండి.