అప్‌డేట్: ఇంజిన్ మార్చిన పాత వ్యాన్‌లో స్టార్టింగ్, వేడి సమస్యలు

పాత వ్యాన్‌లో ఇంజిన్ మార్చాక స్టార్టర్ నీరసంగా తిరుగుతోందని, టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తోందని ఇంతకుముందు అడిగాను. రెండింటికీ కారణం దొరికింది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒక కొసను ఇంజిన్ బ్లాకుకూ, మరొక కొసను బ్యాటరీ నెగెటివ్‌కూ ఆనించి స్టార్టర్ తిప్పించగా, అర వోల్టు కూడా ఉండకూడని చోట 1.9 వోల్టులు చూపింది. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ (వ్యాన్ చట్రానికీ) మధ్య ఎర్త్ పట్టీ, అంటే స్టార్టర్ కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే తీగ, బిగించడం నేనే మరిచాను. కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కోవడంతో దాని తొడుగు కరిగి జిగటగా మారింది. పట్టీ వేశాక కొలత 0.1 వోల్టుకు దిగింది.

వేడి సంగతికి వస్తే, హీటర్ గొట్టం రేడియేటర్ మూత కంటే ఎత్తున వంపు తిరిగినచోట గాలి చిక్కుకుని, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పారకుండా అడ్డుకుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వ్యాన్ ముందు భాగాన్ని ఎత్తి, హీటర్ వాల్వు తెరిచి, బుడగలు ఆగేవరకూ కూలెంట్ పోశాను. ముల్లు ఇప్పుడు మధ్యలోనే నిలుస్తోంది. కేబుల్ మాత్రం ఇంకా మార్చవలసి ఉంది.