డిమెన్షియా ఉన్న ఇంటికి ఆపద కాగితం: రాత్రిపూట ఎవరిని లేపాలె?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లల్ల డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉన్న పెద్దల ఇండ్ల కోసం ఒక్క పేజీ కాగితం తయారు చేస్తున్నం. ఈ మధ్య తీసిన ఫొటో, మందుల మోతాదులు, పడని మందులు, పిలిస్తే పలికే పేరు, ఎప్పుడూ పోదామని అడిగే చోట్లు (పుట్టిన ఊరు, పాత చెలక), అంబులెన్సు 108, అత్యవసర సాయం 112, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఒక ప్రతి ఇంట్ల, ఒకటి పక్కింట్ల, ఒకటి ఆశా కార్యకర్త దగ్గర.

ఒకటి రెండు రోజుల్లనే మనిషి మారిపోయి, మగతగా ఉన్నా, లేనివి కనబడుతున్నయన్నా, జబ్బు ముదిరిందని ఊరుకోవద్దని పెద్దక్షరాల్ల రాసినం. మూత్రంల ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్ల నీళ్లు తగ్గడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపాలె. సొంతంగా నిద్రమాత్ర పెంచితే కిందపడే ప్రమాదం పెరుగుతది.

చిక్కంతా ఇక్కడ: మనిషి కనబడకపోతే వెంటనే 112కు చెప్పి, ముందుగాల సాగర్ ఎడమ కాలువ గట్టు, బావులు వెతకాలె, బస్టాండుకు ఇంకొకరు పోవాలె. రాత్రి 2 గంటలకు అంతమంది ఎట్ల దొరుకుతరు? చూసుకునే కోడలే దవాఖాన్ల పడితే ఆ మూడు రోజులు ముసలాయన దగ్గర ఎవరుండాలె? మహిళా సంఘాలతోని వంతులు నడిపినోళ్లుంటే, ఎంతమందితో మొదలుపెట్టిన్రు, తాళంచెవి ఎవరి దగ్గర పెట్టిన్రు, దయచేసి చెప్పుండ్రి.