కల్పనా చావ్లా వదిలిన స్పార్టన్ లాంటి ఉపగ్రహాలు ఇప్పుడెందుకు లేవు?

గూడూరు_పిల్లోడు:
మా తమ్ముడికి స్కూల్లో కల్పనా చావ్లా మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, దానికోసం వెతుకుతుంటే 1997లో ఆమె మొదటి ఫ్లైట్‌లో (ఎస్‌టీఎస్-87 అనే నంబర్ ఫ్లైట్, కొలంబియా స్పేస్ షటిల్) స్పార్టన్ అని ఒక ఉపగ్రహాన్ని షటిల్‌కుండే రోబో చేత్తో బయటికి వదిలి, రెండ్రోజులాగి మళ్ళీ పట్టుకుని ఇంటికి తెచ్చేయాలని ప్లాన్ అంట, అది కాస్తా అదుపు తప్పిందంట. అసలు వదిలిన దాన్ని మళ్ళీ తెచ్చుకోవడం దేనికి? కొన్నిచోట్ల తప్పు ఆమెదే అని రాసేశారు, నిజమేనా? ఐడియా అంత బావుంటే ఇప్పుడెందుకు ఎవరూ చెయ్యట్లేదు?

చుక్కల_రాయుడు:
తమ్ముడూ, స్పార్టన్ అంటే మన టీవీ ఉపగ్రహాల్లాంటిది కాదు. సోలార్ రెక్కలుండవు, బ్యాటరీ మీదే బతుకుతుంది, వదిలాక కింద నుంచి ఎవరూ నడపరు, ముందే మెమరీలో ఎక్కించిన ప్రోగ్రాం ప్రకారం అదే తిరిగి సూర్యుడి కరోనా (చుట్టూ ఉండే వేడి వాయువుల పొర) వైపు టెలిస్కోపులు పెట్టి చూస్తుంది, చూసిందంతా తనలోనే రికార్డ్ చేసుకుంటుంది. అంటే బండి వెనక్కి రాకపోతే డేటా కూడా రానట్టే. రేడియో లింకులు అవీ లేవు కాబట్టి చవక, షటిల్‌కి దూరంగా ఉంటుంది కాబట్టి దాని గ్యాసులు, కుదుపులు తగలవు, పైగా టెలిస్కోపుల్ని ల్యాబ్‌లో మళ్ళీ కొలిచి చూసుకోవచ్చు. ఈ స్పార్టన్ 201 అనేది 1993, 94, 95లో మూడుసార్లు వెళ్ళొచ్చాకే 97లో కల్పన ఫ్లైట్ ఎక్కింది.

ఇక ఆ రోజు జరిగింది. నవంబర్ 21న వదిలారు. వదిలిన కాసేపటికి అది తనంతట తాను ఒక చిన్న గిరికీ కొట్టాలి, కంట్రోల్ సిస్టం బతికే ఉందని గుర్తు అన్నమాట. కొట్టలేదు. సరే మళ్ళీ పట్టేద్దామని కల్పన రోబో చేతిని దగ్గరకి తీసుకెళ్ళింది. ఈ చేయి ఎలా పడుతుందంటే ఉపగ్రహానికి బయటికి పొడుచుకొచ్చిన ఒక పిన్ను ఉంటుంది, చేతి చివరున్న గొట్టం దాని మీదకి వెళ్ళాక లోపల మూడు తీగలు తిరిగి పిన్ను చుట్టూ బిగుసుకుంటాయి. ఆ బిగింపు పడ్డట్టు సిగ్నల్ రాలేదు, చేయి వెనక్కి తీసేసరికి తగిలిన చిన్న దెబ్బకి స్పార్టన్ సెకనుకి సుమారు 2 డిగ్రీల చొప్పున తిరగడం మొదలెట్టింది. కమాండర్ కెవిన్ క్రెగెల్ షటిల్‌నే దాంతోపాటు తిప్పాలని చూశాడు, కుదర్లేదు, ఆపెయ్యమన్నారు.

తర్వాత నవంబర్ 24న అదే ఫ్లైట్‌లోని వ్యోమగాములు విన్‌స్టన్ స్కాట్, తకావో దోయీ సూట్లేసుకుని బయట నిలబడి, షటిల్ మెల్లగా దగ్గరయ్యేదాకా కాచుకుని, బావిలో పడ్డ చేదని పాతాళగరిగె లేకుండా చేత్తో అందుకున్నట్టు ఆ 1300 కిలోల పైచిలుకు సరుకుని పట్టేశారు. మొత్తం స్పేస్‌వాక్ 7 గంటల 43 నిమిషాలు. తప్పు మాటకొస్తే, వదిలే ముందు దాన్ని లేపే కమాండ్ సరిగా పడలేదు. నాసా విచారణలో సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్ లోపాలు, సిబ్బందికీ గ్రౌండ్‌కీ రాసిపెట్టిన పద్ధతుల్లో లోపాలు అని తేల్చి ఆమె మీద మచ్చ లేకుండా చేశారు. ఆమెదే తప్పు అని ఇంకా రాసేవాళ్ళు అక్కడిదాకా చదవలేదంతే.

లెక్కల_మాస్టారు:
పైన చెప్పిందంతా కరెక్టే గానీ మూడో ప్రశ్న వదిలేశారు, దానికి జవాబు డబ్బే. యూరప్ వాళ్ళ యురేకా ఉపగ్రహం చూడండి, నాలుగున్నర టన్నుల బండి, 1992లో ఎస్‌టీఎస్-46లో వదిలారు, 1993లో ఎస్‌టీఎస్-57 వెళ్ళి తెచ్చింది. ఐదుసార్లు వాడదామని కట్టారు, వెళ్ళింది ఒక్కసారే, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ మ్యూజియంలో ఉంది. బండి మళ్ళీ వాడితే మిగిలేది కొంచెం, దాన్ని తేవడానికి మనుషులతో షటిల్ పంపితే అయ్యే ఖర్చు బోలెడు. పైగా షటిల్ లేటైతే మీ ఉపగ్రహం కూడా లేటే. ఎల్‌డీఈఎఫ్ అని ప్రయోగాల సరుకుతో ఉన్న నాసా ఉపగ్రహాన్ని 1984లో వదిలి ఏడాదికల్లా తెద్దామనుకున్నారు, మధ్యలో చాలెంజర్ షటిల్ పేలిపోయింది, చివరికి 1990 జనవరిలో తెచ్చారు. నన్నడిగితే ఇది షటిల్‌కి పని చూపించడానికి పుట్టిన ఐడియా. 2011లో షటిల్ ఆగింది, ఇదీ ఆగింది. అలాంటి ప్రయోగాలు చాలావరకు స్పేస్ స్టేషన్‌కి మారాయి.

శ్రీహరికోట_ఫ్యాన్:
మన ఇస్రో కూడా చేసిందిగా మాస్టారూ, 2007లో ఎస్‌ఆర్‌ఈ-1, ఆ కక్ష్యలోంచి తిరిగొచ్చిన క్యాప్సూల్?

లెక్కల_మాస్టారు:
అది వేరే బాబూ. జనవరి 10న పీఎస్‌ఎల్‌వీలో వెళ్ళి 22న తనే బంగాళాఖాతంలో దిగింది, పైన మనిషెవరూ వెళ్ళి పట్టుకోలేదు. నిజానికి నా వాదనకి అదే సాక్ష్యం, తిరిగి రావాల్సిన వస్తువు తనంతట తానే రాగలిగితే మనుషుల్ని పంపడం దేనికి.

చుక్కల_రాయుడు:
డబ్బు సంగతి ఒప్పుకుంటా కానీ "పని చూపించడానికి" అనేది మరీ అన్యాయం. హబుల్ టెలిస్కోపుని ఐదుసార్లు వెళ్ళి రిపేర్ చేశారంటే, కక్ష్యలో తిరిగే వస్తువు పక్కకి చేరడం, చేత్తో పట్టడం, పాడుచెయ్యకుండా వదలడం ఇవన్నీ ఇలాంటి ఫ్లైట్లలోనే బాగా ఒంటబట్టాయి. గూడూరు తమ్ముడూ, ప్రాజెక్టులో 1998 కూడా పెట్టించు: అదే స్పార్టన్ 201 మరుసటేడాది పాతతరం అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ 77 ఏళ్ళ వయసులో వెళ్ళిన ఎస్‌టీఎస్-95లో మళ్ళీ ఎక్కింది, వదిలారు, సూర్యుణ్ణి చూసింది, పట్టుకొచ్చేశారు. కల్పన ఫ్లైట్‌లో పైలట్‌గా ఉన్న స్టీవెన్ లిండ్సేనే అందులోనూ పైలట్.