తైకోలో ‘త’ ఎక్కడికి పోయింది?

జపాన్ వారి డప్పు పేరు తైకో. అనేకమంది కూడి వాయిస్తే కుమిదైకో. జపాన్ వాద్యమని ప్రత్యేకించి చెప్పాలంటే వదైకో. ఒంటరిగా ఉంటే ‘త’, తోడు దొరకగానే ‘ద’. అచ్చుతప్పు కాదు కదా?

— కాదండి, మీరు రోజూ చేసే పనే. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. ద్వంద్వ సమాసంలో పరుషాలకు (క చ ట త ప లకు) గసడదవలు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పింది దీన్నే. (‘తల్లితండ్రులు’ అని రాసేవారితో నాకు వేరే తగాదా ఉంది.) జపనీసులో దీని పేరు రెందాకు. అక్కడా క గ అవుతుంది, త ద అవుతుంది. హ మాత్రం బ అవుతుంది. వింతేమీ లేదు, ఆ హకారం ఒకప్పుడు పకారమే. మనకు ప వ అవుతుంది: ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు.

— పోలిక బాగుంది గాని, ఒకచోట తిరగబడుతుంది మాస్టారూ. కుమిదైకో ద్వంద్వం కాదు. కుమి అంటే జట్టు కూడడం. తైకోకు అది విశేషణం. పైగా జపనీసులో ద్వంద్వానికి సాధారణంగా రెందాకు రాదు! యమకావా అంటే కొండలూ ఏరులూ. అదే యమగావా అంటే కొండల్లో పారే ఏరు. మనం ‘కొండలూ ఏరులూ’ లాంటి జంటలో పరుషాన్ని మారిస్తే, వారు సరిగ్గా అక్కడే మార్చరు.

— ఒప్పుకున్నాను. యమగావా నాకు తట్టలేదు. ఇంకొకటి: తైకో చైనా మూలపు మాట, ‘తై’ అంటే లావైనది, ‘కో’ అంటే డోలు. అలాంటి మాటలకు రెందాకు అరుదు. తెనుగు మాటల మీది సంస్కృత పరుషాలకు గసడదవలు రావని సూరి కూడా అన్నారు. తైకో అంతగా ఇంటిది అయిపోయిందన్నమాట. మాట అలా ఉంచితే, జట్టుగా వాయించే ఈ పద్ధతి కొత్తదే. జాజ్ డ్రమ్మర్ దైహాచి ఒగుచి 1951లో నాగానో ప్రాంతపు సువా దగ్గర రకరకాల సైజుల తైకోలను ఒక్కచోట చేర్చి మొదలుపెట్టారు.

— మరి తెలుగులో ‘డప్పులజట్టు’ అనవచ్చా?

— డప్పుకు ఒకవైపే చర్మం. తైకోకు రెండువైపులా. ‘జట్టుడోలు’ అనండి.